పని బాగానే ఉంటే కవరు తీసుకోవడంలో తప్పేముంది?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. కన్సల్టెన్సీ తరఫున సైట్‌లో క్వాలిటీ ఇంజనీరుగా ఉన్నారు. బిల్లు పాసైన మర్నాడు కాంట్రాక్టరు మనిషి వచ్చి మీ టేబుల్ మీద కవరు పెట్టి వెళ్ళాడు. సీనియర్‌ని అడిగితే, "క్యూబులన్నీ (బలం పరీక్షించడానికి పోసే కాంక్రీటు దిమ్మలు) పాసయ్యాయి, పని స్పెసిఫికేషన్ ప్రకారమే ఉంది, ఎవరి నోరూ కొట్టి తెచ్చింది కాదు. నువ్వు తీసుకోకపోతే మిగతా అందరికీ ఇబ్బంది" అన్నారు. కవరు ఇంకా మీ సొరుగులోనే ఉంది. తీసుకుంటే తప్పేంటి, తీసుకోకపోతే ఉద్యోగంలో నెగ్గుకురాగలనా, పెద్ద పెద్ద కంపెనీలే ఇచ్చిపుచ్చుకుంటుంటే నా ఒక్కరి వల్ల ఏమవుతుంది అని అడిగారు.

నేను కొన్నేళ్ళు కాంట్రాక్టరు వైపు, ఆ తర్వాత చాలాకాలం కన్సల్టెంటు వైపు పనిచేశాను. కవరు ఎక్కడ తయారవుతుందో, ఎక్కడికి చేరుతుందో రెండు వైపుల నుంచీ తెలుసు.

ముందు మీ సీనియర్ మాట. వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టే చాలామంది అక్కడ పడిపోతారు. పని బాగుందట, కాబట్టి డబ్బు తీసుకున్నా నష్టం లేదట. సరే, పని బాగుందని చెప్పింది ఎవరు? మీ సంతకమే కదా. కాంట్రాక్టరు తన పని బాగుందని ఎప్పుడూ అంటాడు. క్లయింటుకి చూసి పసిగట్టే నేర్పు ఉండదు. అందుకే మధ్యలో మిమ్మల్ని పెట్టి జీతమిస్తున్నారు. తూకం వేసేవాడు త్రాసు మీద వేలు ఆనించి "సరిగ్గా కిలో" అంటే, అది నిజంగా కిలో ఉన్నా ఎవరూ నమ్మరు. కవరు తీసుకున్న రోజు నుంచి మీ రిపోర్టు పరిస్థితి అదే. అందులో రాసింది అక్షరాలా నిజమైనా సరే, దాని విలువ పోయింది. ఆ సంగతి ఇచ్చినవాడికి మీకంటే ముందే తెలుసు.

పైగా, పని నిజంగా బాగుంటే వాడు మీకెందుకు ఇస్తాడు? కొలతలు చూపించి దర్జాగా బిల్లు తీసుకోవచ్చు కదా. మొదటి కవరు దాదాపు ఎప్పుడూ బాగున్న పనికే వస్తుంది. కుర్రవాళ్ళకి ఇది తెలియదు. బాగాలేని పనికి మొదటిసారే ఇస్తే మీరు బెదిరిపోతారు. బాగున్న పనికి ఇస్తే "ఇందులో ఏముందిలే" అనుకుంటారు. ఆ డబ్బు ఈ నెల స్లాబు కోసం ఇచ్చింది కాదు. మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం కాంక్రీటు పంపు వచ్చి నిలబడి, స్టీలు కట్టడం సగంలో ఉండగా, "సార్, మిగతాది మేం చూసుకుంటాం, మీరు చెక్‌లిస్టు మీద సంతకం పెట్టేయండి" అంటారు చూడండి, ఆ సాయంత్రం కోసం. అప్పుడు కాదనడానికి మీకు నోరు లేవదు.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా లెక్క కట్టండి. పర్సెంటేజీలు ముందే తెలిసిన కాంట్రాక్టరు టెండర్లోనే రేట్లు పెంచుకుంటాడు. అప్పుడు క్లయింటు నష్టపోతాడు. పోటీ గట్టిగా ఉంటే రేటు పెంచే వీలుండదు, కాబట్టి పనిలో కోస్తాడు. కోసేది టైల్స్‌లోనో రంగుల్లోనో అయితే అందరి కంటా పడుతుంది. అందుకే పోసిన మర్నాటికి కనపడకుండా పోయే చోట కోస్తాడు.

స్లాబులో 12 ఎంఎం కడ్డీలు 150 మిల్లీమీటర్ల దూరంలో వేయాలని డ్రాయింగులో ఉందనుకోండి. మీటరు వెడల్పులో పడే స్టీలు సుమారు 754 చదరపు మిల్లీమీటర్లు. ఆ దూరాన్ని 200కి జరిపితే 565 అవుతుంది, పావు వంతు పోయినట్టే. దూరం అలాగే ఉంచి కడ్డీ 10 ఎంఎం వేస్తే 524కి పడుతుంది, అంటే 30 శాతం పోయింది. 12 ఎంఎం కడ్డీ మీటరుకు 0.888 కిలోలు తూగితే 10 ఎంఎం 0.617 కిలోలే తూగుతుంది. బిల్లులో మాత్రం 12 ఎంఎం బరువే పడుతుంది. ఆ తేడాలోంచి మీ కవరు వస్తుంది. కాంక్రీటు పోశాక పైనుంచి చూస్తే మూడు స్లాబులూ ఒకేలా ఉంటాయి, మూడూ నిలబడే ఉంటాయి. డిజైన్లో ఉంచే ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ, అంటే అవసరానికి మించి ఉంచే అదనపు బలం, ఈ దొంగతనాన్ని ఏళ్ళ తరబడి దాచిపెడుతుంది. "చూశావా, ఏమీ కాలేదు" అని సీనియర్లు అనేది అందుకే. ఆ భద్రత ఉంచింది భూకంపానికి, అనుకోని బరువుకి, ముందుముందు పట్టే తుప్పుకి. దాన్ని ముందే తినేస్తే, ఆ రోజు వచ్చినప్పుడు మిగిలేది ఉండదు.

ఇది ఊహాగానం అనుకోకండి. నికొలస్ ఆంబ్రసీస్, రోజర్ బిల్హామ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2011 జనవరిలో నేచర్ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. అంతకుముందు 30 ఏళ్ళలో భూకంపాలకి కూలిన భవనాల కింద చనిపోయినవారిలో 83 శాతం మంది, ఆదాయానికి తగ్గ స్థాయికన్నా అవినీతి అసాధారణంగా ఎక్కువున్న దేశాలవారు. పేదరికం ఒక్కటే కారణమైతే ఆ లెక్క అలా రాదు.

ఇక మీ సీనియర్ చెప్పిన క్యూబులు. "అన్నీ పాసయ్యాయి" అన్న మాట వింటే నాకు ముందు అనుమానమే వస్తుంది. సైటు మూలన నీడలో అచ్చులు వరసగా పెట్టి ఉంటాయి. స్లాబు మీదకు వెళ్ళే కాంక్రీటులో పంపు సాఫీగా నడవాలని నీళ్ళు కలుపుతారు. క్యూబుల కోసం తెచ్చిన బకెట్లో మాత్రం రెండు దోసిళ్ళ సిమెంటు ఎక్కువ పడుతుంది. స్లాబులో కాంక్రీటుని కుదించే వైబ్రేటరు అందని మూలల్లో గాలి ఖాళీలు మిగులుతాయి. ఖాళీలు 5 శాతం ఉంటే బలం సుమారు 30 శాతం పడిపోతుంది. క్యూబుని మాత్రం పొరలు పొరలుగా ముద్దుగా కుదించి పోస్తారు. ఆ క్యూబు పాసవుతుంది, అందులో ఆశ్చర్యం లేదు. కాకపోతే అది మీ స్లాబు కాదు.

క్యూబుల రిజిస్టరు ముందేసుకుని ఒక గంట కూర్చోండి, చాలా తెలుస్తుంది. నిజమైన కాంక్రీటు ఫలితాలకి ఎగుడుదిగుళ్ళు ఉంటాయి. 25 మెగాపాస్కల్ (కాంక్రీటు బలానికి కొలమానం) గ్రేడులో ఒకరోజు 29, ఇంకోరోజు 36, మధ్యలో 32 వస్తాయి. నెలల తరబడి 31.2, 31.5, 31.4 అని ఒకే గీత మీద నడుస్తుంటే, అవి మెషీన్లో పగలగొట్టిన అంకెలు కావు. ఇంకో చిట్కా ఉంది. 150 మిల్లీమీటర్ల క్యూబు ముఖం 22,500 చదరపు మిల్లీమీటర్లు. డయల్ మెషీన్లో క్యూబు పగిలిన లోడు చూసి, దాన్ని 22,500తో భాగించి బలం రాయాలి. డయల్ మీద మనం చదవగలిగేది అయిదులోనో పదులోనో, అంటే 705, 710, 720 కిలోన్యూటన్లు. రిజిస్టర్లో లోడు 708.75 అని రాసి ఉందంటే, ఎవరో 31.5 అని ముందే అనుకుని వెనక్కి గుణించారన్నమాట. క్యూబుని పరీక్షించాల్సిన 28వ రోజు ల్యాబుకి సెలవైనా ఆ తేదీనే పరీక్ష చేసినట్టు రాసి ఉండటం కూడా ఇలాంటిదే. ఇవి పట్టుకోవడానికి గొప్ప ధైర్యం అక్కర్లేదు, క్యాలిక్యులేటరు, క్యాలెండరు చాలు.

దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో 1995 జూన్ 29న సాంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది చనిపోయారు. ఆ కేసు ప్రతి సైటు ఇంజనీరూ చదవాలి. ముందు నాలుగంతస్తులకే అనుకున్న భవనం అది. తర్వాత వాడకం మార్చారు, ఎస్కలేటర్ల కోసం స్తంభాల జోలికి వెళ్ళారు, అయిదో అంతస్తు లేపారు, పైకప్పు మీద బరువైన ఏసీ యంత్రాలు పెట్టారు. స్తంభాలు ఉండాల్సిన దానికన్నా సన్నగా ఉన్నాయి. ఆ మార్పులకి అనుమతులిచ్చిన అధికారులకి లంచాలు ముట్టాయని కోర్టులో తేలింది, యజమానితో పాటు వాళ్ళకీ శిక్షలు పడ్డాయి. నన్ను ఎప్పుడూ వెంటాడేది ఇంకో వివరం. ఆ మార్పులు చేయలేమని మొదటి నిర్మాణ సంస్థ కాదంది. యజమాని ఆ సంస్థను తప్పించి, తన సొంత కంపెనీతోనే కట్టించుకున్నాడు. మీ ఒక్కరి వల్ల ఏమవుతుందని అడిగారు. ఒకరు కాదంటే ఇంకొకరు చేస్తారన్నది నిజమే, ఇక్కడ అదే జరిగింది. కానీ ఆ "ఇంకొకరు" చేతికి అనుమతి కాగితం ఇవ్వాల్సింది మళ్ళీ ఒక అధికారే. అక్కడ ఎవరైనా ఒక్కరు సంతకం ఆపి ఉంటే ఆ అయిదో అంతస్తు ఉండేది కాదు.

లంచం అనగానే అందరూ కవరు గురించే మాట్లాడతారు, కానీ మొదలయ్యేది అక్కడ కాదు. మధ్యాహ్నం భోజనం వాళ్ళ మెస్‌లో, సాయంత్రం ఇంటికి వాళ్ళ కారు, ఫోన్ పాడైతే "మా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది సార్". ఏది మర్యాద, ఏది ముడుపు అని గీత గీయడం కష్టమంటారు. నాకు అంత కష్టంగా అనిపించదు. ఆ వస్తువు గురించి సైటు రిజిస్టర్లో ఒక లైను రాసి, పై అధికారికి చూపించగలరా? చూపించగలిగితే మర్యాద, గొంతు తడబడితే ముడుపు. విలువ ఎంతన్నది అంత ముఖ్యం కాదు, ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. మీ ముందు బిల్లో, పరీక్షో, టెండరు మార్కులో పెండింగులో ఉన్నప్పుడు వచ్చిన కాఫీ ఫ్లాస్కు కూడా అనుమానించదగ్గదే. ఇక్కడొక మెలిక ఉంది. చాలా కాంట్రాక్టుల్లో ఇంజనీరుకి వాహనం, ఆఫీసు, ల్యాబు కాంట్రాక్టరే ఇవ్వాలని, దానికి బిల్లులో ఐటమ్ పెట్టి మరీ రాస్తారు. అది న్యాయమైనదే. అదే వాహనం ఆదివారం మీ ఇంటి పనికి తిరిగితే కాదు.

ఇప్పుడు మన వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. కాంట్రాక్టరు ప్రతిసారీ దొంగ కాదు. సగం చోట్ల ఇచ్చేవాడు మనసులో తిట్టుకుంటూ ఇస్తాడు, ఎందుకంటే కొలతలు అయిపోయినా ఫైలు కదలదు. అప్పు తెచ్చి కూలీలకి ఇచ్చినవాడికి నెల ఆలస్యం అంటే వడ్డీ, ఆ వడ్డీ కన్నా మన మామూలు చవక. అంటే అమ్ముడుపోయేది మన సంతకమే కాదు, మన ఆలస్యం కూడా. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ఫిడిక్ 1999లో తెచ్చిన రెడ్ బుక్ అనే నమూనా కాంట్రాక్టు ప్రకారం కాంట్రాక్టరు స్టేట్‌మెంటు అందాక 28 రోజుల్లో ఇంజనీరు మధ్యంతర చెల్లింపు సర్టిఫికెట్ ఇవ్వాలి, 56 రోజుల్లో క్లయింటు డబ్బు కట్టాలి. ఆ గడువులు ఊరికే పెట్టలేదు. పైసా ముట్టుకోకపోయినా, ఎందుకొచ్చిన గొడవ అని ప్రతి ఫైలునీ భయంతో బీరువాలో పెట్టుకుని కూర్చునే ఇంజనీర్లని నేను చూశాను. వాళ్ళని నిజాయితీపరులంటారు. నా దృష్టిలో వాళ్ళ వల్లే పక్క టేబుల్ వాడి రేటు పెరుగుతుంది. మీరు లంచం తీసుకోకూడదనుకుంటే ముందు వేగంగా పనిచేయడం నేర్చుకోండి. సరైన బిల్లు మూడు రోజుల్లో మీ దగ్గర నుంచి కదిలితే మీకు కవరు ఇవ్వాల్సిన అవసరమే సగం పోతుంది.

మిగతా సగానికి కొన్ని అలవాట్లు. మూసేసే పని ఏదైనా, పునాది లోతు గానీ స్టీలు గానీ వాటర్‌ప్రూఫింగ్ గానీ, కాంట్రాక్టరు ఇంజనీరుతో కలిసి కొలిచి అక్కడికక్కడే ఇద్దరూ సంతకం పెట్టండి. తేదీ, టేపు, గ్రిడ్ నంబరు (డ్రాయింగులో ఆ చోటుని సూచించేది) కనపడేలా ఫోటో తీయండి. ఎక్కడ కొలవాలో వాళ్ళు చూపించిన చోట కాదు, మీరు ఎంచుకున్న చోట కొలవండి. క్యూబుల శాంపిల్ ఏ లారీలోంచి తీస్తారో ముందు చెప్పకండి. తిరస్కరించిన పనికి ఆ రోజే కాగితం ఇవ్వండి. నోటిమాటగా "మార్చండి" అని వదిలేస్తే, సాయంత్రానికి అది బేరసారాల సరుకవుతుంది. కాగితం వెళ్ళాక మీ చేతిలో బేరం ఉండదు, అది మీకే రక్షణ. ఇవన్నీ చేసే ఇంజనీరు దగ్గరికి కవరు తేవడం దండగని సైటంతా త్వరగానే తెలిసిపోతుంది. మనుషులు అంత తెలివితక్కువ వాళ్ళు కాదు.

మరి నెగ్గుకురాగలరా? తియ్యగా చెప్పను. కొన్నిచోట్ల మూల్యం ఉంటుంది. ఎవరూ వెళ్ళని సైటుకి పంపుతారు, మీటింగుకి పిలవడం మానేస్తారు, "ప్రాక్టికల్‌గా ఉండడు" అని అంటారు. అయితే నేను గమనించినంతలో, తాను తీసుకోకుండా పక్కవాడి జోలికి వెళ్ళకుండా పని చకచకా తెమిల్చే ఇంజనీరుని చాలా ఆఫీసులు సహిస్తాయి, కొన్ని వెతికి మరీ తెచ్చుకుంటాయి, ఎందుకంటే ఆడిట్ వచ్చినప్పుడు చూపించడానికి ఒక శుభ్రమైన ఫైలు అందరికీ కావాలి. తీసుకోకపోవడం వేరు, బయటపెట్టడం వేరు. మొదటిదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈరోజే చేయొచ్చు. రెండోదానికి తయారీ కావాలి.

సత్యేంద్ర దూబే పేరు మీరు వినే ఉంటారు. ఆ ఇంజనీరు తన హైవే ప్రాజెక్టులో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి లేఖ రాస్తూ, తన పేరు రహస్యంగా ఉంచమని కోరారు. ఆ లేఖ పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరులో గయలో ఆయన్ని కాల్చి చంపారు. దర్యాప్తులో దాన్ని దోపిడీ హత్యగా తేల్చారు, దాని మీద వాదనలు నేటికీ ఉన్నాయి. కానీ పేరు బయటపడిందన్నది నిజం. కాబట్టి రుజువులు లేకుండా, ఒక్కరే, ఆవేశంలో ఫిర్యాదు రాయకండి. మీ దగ్గరున్న రికార్డుల నకళ్ళు జాగ్రత్త చేయండి, మీ దేశంలో ఫిర్యాదుదారుల రక్షణ చట్టం ఏముందో వకీలుని అడగండి, మీ పేరు ఎవరి చేతికి వెళ్తుందో తెలుసుకున్నాకే ముందుకెళ్ళండి. ఒక్క మినహాయింపు ఉంది. మనుషుల ప్రాణానికి ముప్పుందని మీ లెక్కలు చెబుతుంటే ఆగే హక్కు మీకు లేదు. మీ నిర్ణయాన్ని పక్కనపెట్టి ప్రాణాలకి ముప్పు తెచ్చే పరిస్థితి వస్తే మీ సంస్థకో క్లయింటుకో, అలాగే తగిన అధికారులకి తెలపాలని అమెరికాలోని నేషనల్ సొసైటీ ఆఫ్ ప్రొఫెషనల్ ఇంజనీర్స్ నియమావళి చెబుతుంది. చాలా దేశాల సంఘాలదీ ఇంచుమించు అదే మాట.

నియమావళుల గురించి ఒక పక్కమాట. వాటిని దేవుడి పటంలా చూడక్కర్లేదు. అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ 1914లో రాసుకున్న తొలి నియమాలు ముఖ్యంగా క్లయింటుతో, తోటి ఇంజనీర్లతో ఎలా మెలగాలన్న దాని గురించే. ప్రజల భద్రతే అన్నిటికన్నా ముందన్న మాట 1970ల్లో గానీ చేరలేదు. ఇంజనీర్లు ధరలో పోటీ పడటం అనైతికమని, పైన చెప్పిన నేషనల్ సొసైటీ ఆఫ్ ప్రొఫెషనల్ ఇంజనీర్స్ నియమావళిలో ఒక నియమం ఉండేది. పోటీ పెడితే నాణ్యత పడిపోతుందని వాదించారు. 1978లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదంది.

ఆ పోటీ లేకపోవడం వల్ల ఏం జరిగిందో అంతకు అయిదేళ్ళ ముందే లోకం చూసింది. 1973 అక్టోబరు 10న అమెరికా ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ పన్ను ఎగవేత కేసులో అభియోగాన్ని ఎదిరించనని కోర్టుకి చెప్పి పదవికి రాజీనామా చేశాడు. మేరీలాండ్‌లో కౌంటీ పదవిలో, గవర్నరు పదవిలో ఉన్నప్పుడు, చివరికి ఉపాధ్యక్షుడయ్యాక కూడా ఇంజనీర్ల నుంచి నగదు తీసుకున్నాడని ప్రాసిక్యూటర్లు కోర్టు ముందు పెట్టారు. అక్కడ డిజైన్ కన్సల్టెన్సీ పనులు పోటీ టెండరు లేకుండా పై వాళ్ళ ఇష్టం మీద దక్కేవి. ఇచ్చిన ఇంజనీర్లు రౌడీలు కారు, చదువుకున్నవాళ్ళు, పని వచ్చినవాళ్ళు. ఇవ్వకపోతే పని రాదని అందరూ అనుకున్నారు, అందరూ ఇచ్చారు. మీ మూడో ప్రశ్నలో ఉన్న వాదన సరిగ్గా వాళ్ళదే.

పెద్ద కంపెనీలు ఇస్తాయి, నిజమే. ఇస్తే ఏమవుతుందో కూడా చూడండి. ఒకప్పుడు కొన్ని దేశాల్లో విదేశీ లంచాన్ని ఖర్చు కింద చూపి పన్ను మినహాయింపు పొందే వీలుండేది, జర్మనీలో అది 1999 దాకా సాగింది. అదే జర్మనీకి చెందిన సీమెన్స్ సంస్థ 2008లో అమెరికా, జర్మనీ అధికారులకి కలిపి సుమారు 160 కోట్ల డాలర్లు కట్టి కేసులు పరిష్కరించుకుంది. ఆఫ్రికా దేశం లెసోతోలోని నీటి ప్రాజెక్టులో కెనడా ఇంజనీరింగ్ సంస్థ ఏకర్స్ ఇంటర్నేషనల్ "మేం ఇచ్చింది మా ఏజెంటుకి ఫీజు మాత్రమే" అని వాదించింది. ఆ ఏజెంటు దగ్గర నుంచి డబ్బు ప్రాజెక్టు అధిపతికి చేరింది. 2002లో కోర్టు సంస్థని దోషిగా తేల్చింది, 2004లో ప్రపంచ బ్యాంకు మూడేళ్ళు నిషేధించింది. ఆ ఏడాదే అది ఇంకో సంస్థలో కలిసిపోయింది. కాబట్టి మీ కంపెనీలో ఎప్పుడైనా చేయని పనికి పెద్ద శాతం కమీషన్‌తో ఏజెంటు ఒప్పందం మీ టేబుల్ మీదికి వస్తే, అతను ఏ పని చేస్తాడో ఒక్క పేరాలో రాసిమ్మనండి. రాయలేరు.

ఫైలు కదలడానికి ఇచ్చే చిన్న మొత్తాల సంగతీ అడిగేవాళ్ళు ఉంటారు. అమెరికా 1977 చట్టం విదేశీ ఆఫీసుల్లో రొటీన్ పనుల విషయంలో వాటికి మినహాయింపు ఇస్తుంది, బ్రిటన్ 2010 చట్టం ఇవ్వదు. నా సలహా బ్రిటన్ వైపే. చిన్న మొత్తం ఇచ్చినవాడి పేరు ఆ ఆఫీసులో అందరికీ తెలుస్తుంది, రేటు ఏటేటా పెరుగుతుంది. ప్రాణానికి బెదిరింపు ఉంటే మాత్రం ఇచ్చేసి బయటపడండి. అది లంచం కిందికి రాదు, దోపిడీ కిందికి వస్తుంది. బయటపడగానే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి.

ఇక మీ సొరుగులోని కవరు. దాన్ని సీనియర్ చేతికి ఇవ్వకండి, అక్కడి నుంచి ఎటు వెళ్తుందో మీకు తెలియదు, తీసుకున్నట్టు మాత్రం మీ పేరు ఉంటుంది. తెరవకండి, లెక్కపెట్టకండి. రేపు పొద్దున్నే మీ కంపెనీ హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టండి: ఫలానా తేదీన ఫలానా సంస్థ ప్రతినిధి నా టేబుల్ మీద ఒక కవరు వదిలి వెళ్ళారు, నేను తెరవలేదు, వెనక్కి ఇస్తున్నాను. రెండు లైన్లు చాలు, ఎవరి మీదా ఆరోపణ అక్కర్లేదు. తర్వాత మరో ఉద్యోగి ఉండగా ఆ మనిషిని పిలిచి చేతికిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. "మాది కాదు" అంటే, వాదించకుండా హెడ్డాఫీసు అకౌంట్సులో జమచేసి రసీదు తెచ్చుకోండి. కాంట్రాక్టరు మనిషితో కటువుగా మాట్లాడనక్కర్లేదు. "మీ బిల్లు నా దగ్గర ఆగదు, దీని అవసరం లేదు" అంటే చాలు, వాళ్ళకి కావాల్సిన హామీ అందులోనే ఉంది.

ఆ పాసైన బిల్లుని మాత్రం మళ్ళీ తీయండి. మీతో సంబంధం లేని ఇంజనీరు చేత నాలుగైదు చోట్ల కొలతలు తనిఖీ చేయించండి. క్యూబు రిజిస్టర్లో పైన చెప్పినట్టు అంకెలు ఒకే గీత మీద ఉంటే, ఆ స్లాబుకి రీబౌండ్ హ్యామర్‌తో (కాంక్రీటు మీద కొట్టి బలం అంచనా వేసే పరికరం) బలహీనంగా తోచిన చోట్లు గుర్తించి, అక్కడి నుంచి కోర్లు (తొలిచి తీసే కాంక్రీటు ముక్కలు) తీయించమని రాతపూర్వకంగా కోరండి. సాధారణంగా వాడే కోడ్‌ల ప్రకారం మూడు కోర్ల సగటు నిర్దేశిత బలంలో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఖర్చు ఎవరిదన్న గొడవ మొదలవుతుంది, ఫలితం పాసైతే క్లయింటుది, ఫెయిలైతే కాంట్రాక్టరుది అని ముందే కాగితం మీద పెట్టుకోండి. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా పై అంతస్తు పోతకి చెక్‌లిస్టు మీద సంతకం పెట్టకండి.